కుప్పం షెడ్డులోని ఫియట్

మదనపల్లె బస్టాండులో బుధవారం ఉదయం 7.40కి కదలవలసిన పలమనేరు బస్సు 7.52కి కదిలింది. పన్నెండు నిమిషాల ఆలస్యం. ప్రయాణాలలో నేను రాసుకునే చిన్న పుస్తకంలో మొదటి వాక్యం అదే. ఆ రెండు రోజులలో ఆలస్యమైనవి, తొందరపడినవి ఒక్కొక్కటిగా ఇప్పుడు సరిచూసుకుంటే ఆ పన్నెండు నిమిషాల వల్ల ఏ నష్టమూ జరగలేదు. తక్కిన నష్టానికి బాధ్యుడిని నేనే.

పాత కారు కొనబోయే ముందు అది అసలైనదో కాదో ఎలా పరీక్షించాలో తెలుసుకోగోరేవారికి, ఈ దారిన కుప్పం దాకా వెళ్ళేవారికి పనికి రావచ్చునని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు కారణం చెప్పాలి. మా అన్న రెడ్డెప్ప పుంగనూరులో ఒక బెల్లం మండీ యజమాని దగ్గర పద్దెనిమిదేళ్ళు కారు నడిపాడు. పాలమీగడ రంగు ఫియట్. అన్నకు ఎడమకాలు పుట్టుకతోనే రెండంగుళాలు పొట్టి. చదువు రాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నన్ను కారు దగ్గరికి పిలిచి, బానెట్ ఎత్తి, “దీని నంబర్లన్నీ రాయి రా చిన్నప్పా. రేపు ఎవురన్నా అడిగితే నేను తోలిన బండి ఇదేనని సెప్పుకోవాల గదా” అన్నాడు. రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు మూడింటినీ పెన్సిలుతో ఒక పాకెట్ పుస్తకంలో ఎక్కించాను. నేను రాసిన మొదటి రికార్డు అదే అనవచ్చు. నా చదువు ఆ కారు జీతంతో సాగింది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు యజమానిని అడిగి, అదే కారులో నన్ను చిత్తూరుకు తీసుకువెళ్ళి దింపినవాడు అన్నే. నేను ఆ కారులో ఎక్కినప్పుడల్లా వెనక సీట్లోనే కూర్చున్నాను. ముందు కూర్చోమని అన్న అడిగిన గుర్తు ఉంది, కూర్చున్న గుర్తు లేదు.

నా ఉద్యోగం తూనికలు, కొలతల శాఖలో. ముప్పైమూడేళ్ళు చేశాను. మా శాఖలో మొదట నేర్పేది ఒకటే: ముద్ర లేని కిలో రాయి సరిగ్గా కిలో తూగినా సరే, అది చెల్లదు. ఈ సూత్రం నాకు ఉద్యోగంతో పాటు పదవీ విరమణ పొందలేదు.

అన్న తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. అతని మాటల్లో పెళ్ళిళ్ళు, వానలు, జాతరలు ఉండేవి గాని సంవత్సరాలు ఉండేవి కావు. “బాయిలో నీళ్ళు తోడిన బండి రా అది” అని ఆ ఫియట్ గురించి తరచూ అనేవాడు. ఎప్పుడు అంటే “కరువొచ్చినేడు” అనేవాడు. మా ప్రాంతంలో కరువు రాని ఏడు చెబితే గుర్తుపట్టగలం గాని, వచ్చిన ఏడు చెబితే ఎలా? కారు బావిలో నీళ్ళు తోడడమేమిటని ఎన్నడూ అడగలేదు. డ్రైవరు తన బండి గురించి చెప్పుకునే గొప్పగా లెక్కవేసి వదిలేశాను.

నాలుగేళ్ళ కిందట మంచం పట్టినప్పుడు అన్న నన్ను కోరిన కోరిక ఒక్కటే. “ఆ బండి కుప్పం దిక్కు పోయింది. ఇంకా ఉండాదో లేదో సూడు రా. ఉంటే ఇడిసిపెట్టద్దు.” సరేనన్నాను; ఎవరు కొన్నారని అడగలేదు. అన్న పోయాక వెతకడం మొదలుపెట్టాను. మొన్న కుప్పంలో పని మీద తిరుగుతున్న నా పాత సహోద్యోగి ఒకాయన నా ఫోనుకు ఒక ఫోటో పంపాడు. రేకుల షెడ్డు, అందులో దుమ్ము పట్టిన ఫియట్ వెనుక భాగం. నంబరు ప్లేటు మీది అంకెలు నా పెన్సిలు అంకెలతో సరిపోయాయి. ఆయన దగ్గరే నంబరు తీసుకుని యజమానురాలు మునిరత్నమ్మకు ఫోను చేశాను. “గురువారం షెడ్డు పడగొడ్తారన్నా. ఆడ అంగళ్ళు కట్టిస్తాండా. పాత ఇనుమోళ్ళు పొద్దున పదికి వస్తామన్నారు. నీకు కావాలంటే బుధవారమే వచ్చి సూసుకో. తీసుకుంటానంటే వాళ్ళను రావద్దంటా” అన్నది. అందుకే బుధవారం ఉదయం ఈ బస్సు.

నంబరు ప్లేటు ఒక్కటి సరిపోతే చాలదని ఇక్కడ చెప్పాలి. పాత బండ్ల వ్యాపారంలో ఒక కారు కాగితాలు, ప్లేటు తెచ్చి మరో కారుకు తగిలించడం కొత్త కాదు. అందువల్ల సంచిలో భూతద్దం, టార్చి, అయస్కాంతం, ఉక్కు స్కేలు, కిరసనాయిలులో తడిపిన గుడ్డ, అన్న పాకెట్ పుస్తకం పెట్టుకున్నాను. బ్యాంకు నుంచి తీసిన మొత్తం లోపలి జేబులో ఉంది.

టికెట్టు వృద్ధుల రాయితీతో తీసుకున్నాను. కండక్టరు ఆధార్ కార్డు అడిగి, దాన్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. పక్క సీటులోని ఇద్దరు స్త్రీలకు ఆధార్ చూపగానే సున్నా రూపాయల టికెట్టు ఇచ్చాడు. వారిలో ఒకామె నా చేతిలోని చిల్లర చూసి, “నీకేమో సగం కూడా ఇడవలేదే తాతా, చీర కట్టుకోని వచ్చుంటే ఫ్రీగా పొయ్యుందువు” అన్నది. బస్సంతా నవ్వింది. నవ్వినందుకు తప్పుపట్టలేదు, తర్కం సరైనదే.

8.48కి పుంగనూరు. ఇక్కడ దిగడానికి కారణం మస్తాన్ సాయబు. ఆ ఫియట్‌ను మొదటినుంచీ బాగుచేసిన మెకానిక్ ఆయన. అన్న నోటినుంచి వందసార్లు విన్న పేరు. బస్టాండు నుంచి పలమనేరు వైపు ఏడు నిమిషాల నడకలో ఆయన షెడ్డు. తలుపు సగం వేసి ఉంది. లోపలినుంచి ఆయన కోడలు వచ్చింది.

“మామ సోమలకు పొయినాడు సార్. ఎవురో ఆయన జతగాడు పొయినాడంట, మన్ను ఏసేకి. సాయంత్రానికి వచ్చేస్తాడు.”

ఫోను నంబరు అడిగాను.

“ఫోను ఈడనే చార్జింగులో పెట్టి పొయినాడు. ఆయప్పకు ఫోను ఉంటే ఒకటే, లేకుంటే ఒకటే. మీరు కూసోండి, టీ పెడ్తా. యాడినించి వస్తాండారు?”

మదనపల్లె అన్నాను, పేరు చెప్పలేదు. గడియారం చూశాను: 8.58. పలమనేరు బస్సు 9.20కి. సాయంత్రం దాకా ఆగితే కుప్పం చేరేసరికి చీకటి పడుతుంది. వెలుతురు లేనప్పుడు పరీక్ష సరిగా సాగదు. పైగా మెకానిక్ చెప్పేది నోటిమాట. నోటిమాట పత్రం కాదు. ఈ రెండు కారణాలూ ఆ నిమిషంలో నాకు చాలా బలంగా కనిపించాయి. టీ వద్దని చెప్పి బస్టాండుకు నడిచాను. షెడ్డు లోపల మూలన గోనెపట్టా కప్పిన ఇనుప వస్తువు ఒకటి కనిపించింది. మెకానిక్ షెడ్డులో అలాంటివి ఉండక ఏమవుతాయి?

10.05కి పలమనేరు. రెండు ఇడ్లీలు, ఒక బోండా, కాఫీ. పచ్చడి బాగుంది, కాఫీ నీళ్ళు. ఈ దారిన వచ్చేవారు పలమనేరులోనే తిని బయలుదేరడం మంచిది. తర్వాత కుప్పం దాకా కూర్చుని తినే చోటు తక్కువ. 10.30కి కుప్పం బస్సు. వి.కోట దాకా రోడ్డుకు రెండు వైపులా మల్బరీ, టమోటా, బంతి తోటలు. అడవి అంచున కొన్ని చోట్ల “ఏనుగులున్నాయి, జాగ్రత్త” అని బోర్డులు. నా పక్కన కూర్చున్న రైతు ఒకడు రాత్రి తన తోటలో ఏనుగులు పడి తొక్కిన సంగతి చెప్పి, నేను స్కేలు, భూతద్దం తీసి తుడవడం చూసి ఆగిపోయాడు.

“ఏం సార్, భూమి కొలిచేకి పోతాండావా?”

పాత కారు చూడడానికి అన్నాను.

“పెండ్లికూతుర్ని సూసేకి పొయ్యేటోళ్ళు గూడా ఇన్ని సామాన్లు ఎత్తుకోని పోరు కదప్పా!” అని, కాసేపు ఆలోచించి, “అయినా నీది నయం. మేము సామాన్లు లేకుండా పొయ్యే మోసపోతిమి” అన్నాడు.

12.50కి కుప్పం. బస్టాండు ఎదుట ఒక హోటలులో రాగిసంగటి, పప్పు, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి తిన్నాను. కుప్పంలో మూడు భాషలూ ఒకే వాక్యంలో వినిపిస్తాయి. సర్వరు నన్ను తెలుగులో అడిగి, వంటవాడికి తమిళంలో చెప్పి, కన్నడంలో విసుక్కున్నాడు. బస్టాండుకు దగ్గరలోనే ఒక లాడ్జిలో గది తీసుకుని సంచి నుంచి బట్టలు తీసి పెట్టాను. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు ఉదయం అయిదు నుంచి ఏడు దాకా.

2.30కి ఆటోలో మునిరత్నమ్మ ఇల్లు. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. భర్త పట్టు రీలింగ్ యూనిట్ నడిపేవాడట, పోయి ఎనిమిదేళ్ళు. ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఎవరికోసం కొంటున్నావని అడిగింది. మా అన్న నడిపిన బండి అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

“కాలు కొంచెం ఈడ్చే మనిసి కదా?”

అవునన్నాను.

“బండి ఇచ్చేకి ఆయప్పే తోలుకోని వచ్చినాడు. మా ఇంట్లోనే సంగటి తినినాడు. తినినంక పోతాండానమ్మా అని సెప్పి పోలేదు. షెడ్డు కాడికి పొయ్యి ఒకటే నిలబడుకున్నాడు. మా ఆయన అంటాడు, ‘ఏం రెడ్డెప్పా, పిల్లను అత్తగారింట్లో ఇడిసినట్టు నిలబడుకుంటివే’ అని. ఆ మాటకు నవ్వేసి, బస్టాండుకు నడిసిపొయినాడు. నువ్వు ఆయప్ప తమ్ముడివా? అట్లయితే రా అన్నా, సూడు.”

“ఇది ఏ సంవత్సరం?” అని అడిగాను.

“సంవత్సరం యాడ గుర్తు పెట్టుకుందు? మా పెద్దపాప కడుపులో ఉండాది అప్పుడు.”

పెద్దపాప పుట్టిన తేదీ ఏమిటన్నాను. కచ్చితంగా చెప్పలేకపోయింది. పుస్తకంలో “అమ్మకపు తేదీ: చెప్పలేకపోయారు” అని రాసుకున్నాను. ఆమె అది చూసింది.

పరీక్ష 2.50కి మొదలైంది. క్రమం చెబుతాను. మొదట కాగితాలు. ఆమె దగ్గరున్న ఆర్.సి.లోని మూడు నంబర్లూ అన్న పుస్తకంలోని వాటితో అక్షరాలా సరిపోయాయి. తర్వాత రంగు. తలుపు లోపలి అంచున గోటితో గీకితే పై నీలం కింద తెలుపు, దాని కింద పాలమీగడ రంగు. ఇది అనుకూలం. తర్వాత రేకు. అయస్కాంతం తలుపులకు, పైకప్పుకు అతుక్కుంది; ముందు మడ్‌గార్డుల కింద అంటలేదు. అంటే అక్కడ రేకు పోయి పుట్టీ పెట్టారు. పాత బండికి ఇది సహజం, ప్రతికూలం కాదు.

బానెట్ ఎత్తించాను. ఛాసిస్ నంబరు ప్లేటు ఉంది, నంబరు సరైనదే. కాని కంపెనీలో రివిట్లతో బిగించవలసిన ప్లేటును స్క్రూలతో బిగించారు. నాలుగు స్క్రూలు, అందులో ఒకటి వేరే సైజు. దాని పక్కన రేకు మీద అచ్చు గుద్ది ఉండవలసిన నంబరు చోట కొత్త రేకు పట్టీ వెల్డింగు చేసి ఉంది. ప్లేటు వేరే బండి నుంచి వచ్చి ఉండవచ్చు. తర్వాత ఇంజను. గుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి చదివాను. చివరి నాలుగంకెలు 9043. అన్న పుస్తకంలో 2716. మళ్ళీ తుడిచాను. మూడుసార్లు చదివాను. 9043.

అప్పుడు డ్రైవరు తలుపు తీసి, లోపల టార్చి వేశాను. క్లచ్ పెడల్ మీద ఒక చెక్కముక్క ఉంది. రెండంగుళాల మందం. సైకిల్ ట్యూబుతో చుట్టి, తీగతో కట్టి ఉంది. పాదం ఆనే చోట మధ్యలో గుంట పడి, నున్నగా అయింది.

దాన్ని స్కేలుతో కొలిచాను. రెండంగుళాలు, ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ. ఆ కొలత ఎవరి కాలిదో నాకు వెంటనే తెలిసింది. కాసేపు అలాగే వంగి ఉండిపోయాను. గుంటలో బొటనవేలు పెట్టి చూశాను. తర్వాత నాకు నేను ఇలా చెప్పుకున్నాను: చెక్క మీద తేదీ లేదు, నంబరు లేదు. పొట్టి మనిషి ఎవరైనా కట్టుకుని ఉండవచ్చు. కాళ్ళు అందనివారి కార్లలో ఇలాంటి చెక్కలు ఉంటాయి. పుస్తకం తీసి రాసుకున్నాను: “క్లచ్ పెడల్‌కు చెక్క. మూల భాగం కాదు.”

5.10కి పరీక్ష ముగిసింది. మునిరత్నమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏమంటావు అన్నా?”

“ప్లేటు మీద నమ్మకం లేదమ్మా. ఇంజను వేరే బండిది. ఇది మా అన్న నడిపిన కారని రుజువు లేదు.”

“రుజువు లేకుంటే ఏం? నేనుండానే. ఆయప్ప తోలుకోని వచ్చిన బండి ఇదే. ఇంకొకటి ఈ షెడ్డులోకి యానాడూ రాలేదు.”

“ఇంజను ఎప్పుడు మారింది?”

“మా ఇంట్లో మారలేదు. వచ్చినప్పటినించీ ఇదే.”

“అయితే ఆయన తెచ్చింది ఈ కారు అయి ఉండదు. లేదా అప్పటికే మోసం జరిగి ఉంటుంది.”

ఆ ‘మోసం’ అన్న మాట అనకుండా ఉండవలసింది. ఆమె ముఖం బిగుసుకుంది.

“మా ఆయన దొంగబండి కొన్నాడంటావా? పోనీ మీ అన్న దొంగబండి తెచ్చి ఇచ్చినాడంటావా? సెప్పు, ఎవురు దొంగ? మనిసిని సూసి నమ్మరు, మాట ఇని నమ్మరు. ఇనుప ముక్కల మీద గీతలు సూసి నమ్ముతారా?”

నేను భూతద్దం, స్కేలు సంచిలో పెట్టుకున్నాను. రాత్రికి ఆలోచించుకోమని, ఉదయం తొమ్మిదింటికల్లా ఫోను చేసినా వాళ్ళను ఆపిస్తానని ఆమె అన్నది. ఆలోచించడానికి ఏమీ లేదని, లెక్క తేలిపోయిందని చెప్పాను. వచ్చేటప్పుడు “అన్నా” అన్న మనిషి ఆటో ఎక్కేటప్పుడు “పోయిరాండి సార్” అన్నది.

లాడ్జిలో నిద్ర సరిగా పట్టలేదు. బొటనవేలికి ఆ గుంట తగులుతున్నట్టే ఉంది. కాని రాసుకున్నదాన్ని మార్చడానికి కొత్త ఆధారం ఏదీ లేదు కదా.

గురువారం ఉదయం 6.10 బస్సు. పొగమంచులో వి.కోట మార్కెట్టుకు వెళ్ళే కూరగాయల బండ్లు అడ్డం వచ్చి ఇరవై నిమిషాలు పోయాయి. మస్తాన్ సాయబును కలిసి తీరాలనే తొందర లేదు. ఫైలులో చివరి కాగితం ఒకటి మిగిలిందని మాత్రమే పుంగనూరులో దిగాను. 9.22.

సాయబు షెడ్డు ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. ఎనభై దాటిన మనిషి, చేతులు మాత్రం యాభై ఏళ్ళ మనిషివి. నేను రెడ్డెప్ప తమ్ముణ్ణని చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

“చిన్నప్పవా? నంబర్ల చిన్నప్పవా? నిన్న వచ్చింది నువ్వేనా? కోడలు ఎవురో గడియారం సూసుకుంటా వచ్చి, గడియారం సూసుకుంటా పోయినాడనింది. పేరు సెప్పింటే అది నిన్ను పోనిచ్చేది కాదు గదప్పా!”

నేను కుప్పంలో చూసిన లోపాలు రెండూ చెప్పాను. మొదటిదానికి ఆయన నవ్వాడు.

“ఆ ప్లేటు పీకింది నేనే, బిగించింది నేనే. రేకు తుప్పు పట్టి చెయ్యి పెడితే రాలిపోతా ఉండింది. కోసి పట్టీ ఏసినా. రివిట్లు కొట్టే మిషను నా కాడ యాడిది అప్పుడు? ఉండే స్క్రూలు ఏసి బిగించినా. ఒకటి తక్కువైతే సైకిల్ షాపులో అడుక్కొచ్చినా.”

“మరి ఇంజను?”

“మీ అన్న సెప్పలేదా? కరువొచ్చినేడు బాయిలో నీళ్ళు పాతాళానికి పాయ. కరెంటు ఉంటే ఉండాది, లేకుంటే లేదు. మండీ సావుకారు సెరుకు తోట ఎండిపోతా ఉండింది. అప్పుడు మీ అన్ననే అనినాడు, ‘మస్తానూ, కారు నిలబడుకోనుంటే ఏం లాభం, దీని ఇంజను ఎత్తి బాయికాడ పెడ్దాం’ అని. ఇద్దరం కలిసి దించి, పంపుకు బెల్టు ఏసి, కిరసనాయిలుతో నడిపిస్తిమి. మూడు నెలలు తోడింది నీళ్ళు. ఈ సుట్టుపట్ల శానామంది సేసినారు ఆ పని. ఆ ఇంజను మళ్ళా కారుకు పనికి రాకపాయ. సావుకారు బెంగుళూరు పాతసామాన్ల గుజిరీలో ఇంకొకటి తెప్పించి ఏయించినాడు. కాగితాలు మార్పించాలని ఎవురికి తెలుసప్పా?”

“ఆ పాత ఇంజను ఏమైంది?” అన్నాను.

ఆయన షెడ్డులోకి నడిచి, మూలనున్న గోనెపట్టా లాగాడు. నిన్న ఉదయం 8.58కి నేను చూసిన గోనెపట్టానే.

కిరసనాయిలు గుడ్డ నా సంచిలోనే ఉంది. ఆయనకిచ్చాను. ఆయన తుడిచాడు. నేను భూతద్దం తీయలేదు, అవసరం లేకపోయింది. పాకెట్ పుస్తకం తెరిచి పట్టుకున్నాను. చివరి నాలుగంకెలు 2716. ముందు అంకెలూ అవే. తొమ్మిదో తరగతి పిల్లవాడు పెన్సిలుతో రాసిన అంకెలు.

“ఇన్నేళ్ళూ దీన్ని అమ్మకుండా ఎందుకు పెట్టారు?” అని అడిగాను.

“పాత ఇనుమోళ్ళు ఎన్నోసార్లు అడిగినారు. మీ అన్న ఒట్టు పెట్టించుకున్నాడు గదా. ‘మా చిన్నప్ప ఒక దినం వస్తాడు మస్తానూ. వాడు నంబరు సూడందే దేవుణ్ణి గూడా నమ్మడు. వాడు వచ్చేవరకూ ఇది పారెయ్యద్దు’ అనినాడు. ఇదిగో, వచ్చినావు. సూసినావు. ఇంక నా మీద ఒట్టు లేదు.”

టైము 9.47. మునిరత్నమ్మకు ఫోను చేశాను. ఎత్తలేదు. 9.50కి, 9.54కి చేశాను. పదింటికి వస్తారన్నది ఆమె; పదింటికి ఇంకా ఆరు నిమిషాలు ఉన్నాయి. నా జీవితంలో మొదటిసారిగా ఎవరైనా ఆలస్యంగా రావాలని కోరుకున్నాను. 10.08కి ఆమే చేసింది. వెనకనుంచి యంత్రం చప్పుడు.

“అమ్మా, ఆపించు. అది మా అన్న బండే. ఇంజను ఇక్కడ దొరికింది. నంబరు సరిపోయింది.”

ఆమె చప్పుడుకు దూరంగా జరిగింది.

“పదికి వస్తామన్నోళ్ళు ఎనిమిదిన్నరకే వచ్చినారన్నా. గ్యాసు పెట్టి నాలుగు తుంటలు కోసినారు. ఇప్పుడే లారీ రోడ్డెక్కింది, షెడ్డు పడగొడ్తాండారు. నువ్వు నిన్ననే తేల్చి సెప్పినావు గదా, నేను యాల ఆపుదు?”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. నిన్న నేనన్న మాటకు క్షమించమని అడిగాను. ఆమె ఇంకో సంగతి చెప్పింది.

“సీట్లు, రబ్బర్లు, కట్టె సామాను వాళ్ళకు పనికి రాదంట, ఈడనే పారేసి పొయినారు. ఆ కాలికింద సెక్కముక్క గూడా పడుండాది. నువ్వు నిన్న శానాసేపు దాన్నే పట్టుకోనుంటివి. కావాల్నా? కావాలంటే ఎత్తిపెడ్తా.”

కావాలన్నాను. ఫోను పెట్టేశాను. సాయబు కోడలు టీ తెచ్చింది. ఈసారి తాగాను. ఇంజనును ఏం చేయమంటావని సాయబు అడిగాడు. కారు లేని ఇంజను నేనేం చేసుకోను? అయినా మదనపల్లెకు తీసుకుపోతానని, వచ్చే వారం బండి మాట్లాడుకుని వస్తానని చెప్పాను. “వచ్చేటప్పుడు గడియారం ఇంట్లో పెట్టి రా అప్పా” అన్నాడాయన.

11.15 బస్సుకు మదనపల్లె బయలుదేరాను. కిటికీ పక్క సీటు. నిన్న నవ్వించిన ఆమె లాంటివారు ఎవరూ ఎక్కలేదు. ఎక్కినా నవ్వేవాణ్ణి కాదు.

పాత కారు కొనదలచినవారికి చెప్పవలసినది చెప్పి ముగిస్తాను. అయస్కాంతం తీసుకువెళ్ళండి. ఇంజను, ఛాసిస్ నంబర్లు తుడిచి చదవండి. ఇవన్నీ సరైన పద్ధతులే; నేను చేసిన పరీక్షలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. కాని నంబర్ల కన్నా ముందు ఆ బండిని విప్పి బిగించినవాడి గడప దగ్గర కూర్చోండి. ఆయన ఇంట్లో లేకపోతే వచ్చేదాకా ఉండండి. అమ్మేవారు చెప్పే మాటలో తేదీ లేదని కొట్టివేయకండి. మా ప్రాంతంలో కొన్ని సంగతులకు కరువే తేదీ, కడుపులోని బిడ్డే తేదీ.

బస్సు మదనపల్లె పొలిమేరకు వచ్చినప్పుడు బుధవారం నాటి పేజీ తీశాను. “క్లచ్ పెడల్‌కు చెక్క. మూల భాగం కాదు” అన్న వాక్యంలో చివరి మాటను కొట్టివేశాను. “మూల భాగం” అని మిగిలింది. పరీక్షకని గీసుకున్న పట్టికలో దానికి ఎదురుగా నంబరు రాయవలసిన గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాను. 12.10కి దిగాను.